36 సెంట్లూ, ఒక పేరూ

స్విట్జర్లాండు దేశంలో, జూరిక్ సరస్సు ఒడ్డున, క్యూస్నాక్ట్ అని ఒక చిన్న ఊరున్నది. సరస్సు, తోటలు, కలవారి ఇళ్ళు – అంతా సద్దుమణిగిన ప్రదేశం. 2023 మే 24వ తేదీన ఆ ఊళ్ళో ఒక ఇంటి గేటు ముందు జనం పోగవసాగారు. ఎవరూ పిలిచింది లేదు, ఎవరూ ఏర్పాటు చేసింది లేదు. వచ్చినవారు వచ్చినట్టే పూలగుత్తులు ఉంచి, కొవ్వొత్తులు వెలిగించి, కాసేపు మౌనంగా నిలబడి వెళ్ళారు.

ఆ రోజు ఆ ఇంట్లో కన్నుమూసిన ఇల్లాలి పేరు టీనా టర్నర్. వయస్సు 83 ఏళ్ళు. లోకమంతా ఆమెను రాక్ సంగీతానికి మహారాణి అన్నది.

త్యాగరాజ కీర్తనలు, సుశీల పాటలు విని పెరిగిన మన ఇళ్ళల్లో రాక్ సంగీతమనగానే పెద్దవాళ్ళు చెవులు మూసుకోవడం కద్దు. డప్పుల మోత, గిటార్ల హోరు, వాటిని మించి గొంతెత్తి పాడే పాట. ఆ హోరును మించేటంత గొంతు, ఆ మోతకు తగినంత చురుకైన కాళ్ళు ఆమెకున్నాయి. అయినా ఒక్క సందేహం. ఆమె రంగస్థలం దిగింది 2009లో. చనిపోయేనాటికి పధ్నాలుగేళ్ళు గడిచాయి. అన్నేళ్ళు కచ్చేరీ చేయని గాయని పోతే ఇన్ని దేశాల్లో ఇంతమంది ఇంటి మనిషిని పోగొట్టుకున్నట్టు ఎందుకు బాధపడ్డారు?

పాట బాగుంటే మెచ్చుకుంటాం. పాడిన మనిషికి మనం ఏదో ఋణపడ్డామనుకుంటేనే ఆమె గేటు దగ్గరకు పూలు పట్టుకుని వెళ్తాం. ఆ ఋణమేమిటో తెలియాలంటే ఆమె కథ మొదటినుంచీ చెప్పుకోవాలి.

పత్తిచేల పిల్ల

అమెరికాలో టెనెసీ రాష్ట్రం పశ్చిమభాగమంతా పత్తి పండే నేల. అక్కడ నట్‌బుష్ అనే పల్లె ఉన్నది. 1939 నవంబరు 26న ఆ పల్లెకు దగ్గరలోని బ్రౌన్స్‌విల్‌లో ఒక నల్లజాతి కుటుంబంలో పుట్టిన పిల్లకు ఆనా మే బుల్లక్ అని పేరు పెట్టారు. చిన్ననాట ఆమె కూడా పత్తి ఏరింది. ఆదివారాలు చర్చిలో పాడింది.

ఆమెకు పదకొండేళ్ళప్పుడు తల్లి భర్తతో పడలేక ఇల్లు విడిచిపోయింది. తర్వాత తండ్రి కూడా వెళ్ళిపోయాడు. పిల్లను పెంచిన అమ్మమ్మ కొన్నాళ్ళకు పోయింది. పదహారేళ్ళ వయస్సులో ఆ పిల్ల సెయింట్ లూయిస్ నగరంలో ఉన్న తల్లి దగ్గరకు చేరింది. అక్క ఎలీన్ ఆమెను రాత్రిపూట పాటలు జరిగే చోట్లకు తీసుకువెళ్ళేది. అక్కడే ఐక్ టర్నర్ అనే వాద్యబృందం నాయకుణ్ణి ఆమె మొదటిసారి చూసింది.

1957లో ఒక రాత్రి విరామసమయంలో డ్రమ్ములు వాయించే కుర్రవాడు మైకు తెచ్చి అక్క ముందుంచాడు, పాడమని. అక్క వద్దన్నది. చెల్లెలు అందుకున్నది. బక్కపలచని పదిహేడేళ్ళ పిల్ల నోటినుంచి అంత గొంతు వస్తుందని ఎవరూ అనుకోలేదు. ఐక్ ఆమెను బృందంలో చేర్చుకున్నాడు. పగలు ఆస్పత్రిలో నర్సుల కింద సహాయకురాలి పని, రాత్రి పాటలు.

1960లో మొదటి పెద్ద రికార్డు వచ్చింది. నిజానికి ఆ పాట పాడవలసినవాడు వేరొకడు. అతను రాకపోతే వరుస చెడకుండా ఈమెచేత పాడించారు. రికార్డు అచ్చయి వచ్చేసరికి దానిమీద ఆమె పేరు మారిపోయింది: ‘టీనా టర్నర్’ అని. అప్పటికి వాళ్ళిద్దరికీ పెళ్ళి కూడా కాలేదు. పేరు పెట్టినవాడు ఐక్. పెట్టి ఊరుకోలేదు. ఆ పేరును తన హక్కుగా రిజిస్టరు చేయించుకున్నాడు. ఈ పిల్ల ఎప్పుడైనా వెళ్ళిపోతే అదే పేరుతో మరొకతెను నిలబెట్టవచ్చునని అతని లెక్క. మనం దుకాణానికి బోర్డు రాయించుకుంటామే, అలా.

ఈ పేరు సంగతి పాఠకులు గుర్తుంచుకోవాలి. తర్వాత కథంతా దీనిమీదనే నడుస్తుంది.

తెర ముందూ, తెర వెనుకా

తెర ముందు ఆ జంటకు జయజయధ్వానాలే. 1966లో ఆమె గొంతుతో వచ్చిన ఒక రికార్డు ఇంగ్లండులో పేరు మోసింది. రోలింగ్ స్టోన్స్ బృందంతో కలిసి పర్యటనలు చేశారు. 1971లో ‘ప్రౌడ్ మేరీ’ పాట అమెరికాలో మారుమ్రోగింది. మెల్లగా మొదలై, నడిమధ్యలో ఒక్కసారిగా పరుగెత్తే ఆ పాటను ఎన్ని కచ్చేరీల్లో పాడినా జనం మళ్ళీ అడిగేవారు.

తెర వెనుక మరో కథ. 1962లో పెళ్ళయింది. పెళ్ళికి ముందూ తర్వాతా భర్త తనను కొడుతూనే ఉండేవాడని ఆమె తర్వాత తన ఆత్మకథలో రాసింది. దెబ్బలు తిన్న ముఖానికి రంగు పూసుకుని కచ్చేరీకి వెళ్ళిన రోజులున్నాయట. కన్న కొడుకులిద్దరు, భర్త మునుపటి సంసారంలోని కొడుకులిద్దరు – నలుగురు పిల్లల్ని పెంచుతున్న తల్లి. డబ్బు లెక్కలన్నీ భర్త చేతిలో. చేతిలో పైసా లేని మనిషి ఎక్కడికి వెళ్తుంది? ఒకసారి నిద్రమాత్రలు మింగి ప్రాణం తీసుకోబోయింది. వైద్యులు బ్రతికించారు.

‘ఇంత పేరున్న మనిషి అంత కాలం ఎందుకు భరించింది?’ అని అడగడం సులభం. మన వీధిలో ఏ ఇంటి తలుపు వెనుకనైనా నిలబడి వింటే జవాబు అక్కడే దొరుకుతుంది. పిల్లలున్నారు కదా అని. నలుగురూ ఏమనుకుంటారో అని. రేపటినుంచైనా మారతాడేమో అని. భయం వల్ల కూడా.

హైవే దాటిన రాత్రి

1976 జులై మొదటి వారం. అమెరికాకు స్వాతంత్ర్యం వచ్చి రెండువందల ఏళ్ళు నిండుతున్న ఉత్సవాలు దేశమంతటా జరుగుతున్నాయి. ఆ జంట టెక్సాస్ రాష్ట్రంలోని డల్లాస్ నగరంలో కచ్చేరీకి దిగింది. విమానాశ్రయంనుంచి హోటలుకు వెళ్ళే కారులోనే భర్త చెయ్యి చేసుకున్నాడు. ఈసారి ఆమె తిరగబడింది. హోటలుకు చేరాక అతను నిద్రపోయేవరకూ ఆగింది. రక్తపు మరకల బట్టలతోనే బయటపడింది. బస్సులూ లారీలూ దూసుకుపోతున్న హైవేను అడ్డంగా పరుగెత్తి దాటి, అవతల ఉన్న మరో హోటలు మెట్లెక్కింది.

అప్పుడామె వయస్సు 36 ఏళ్ళు. చేతిలో ఉన్న డబ్బు 36 సెంట్లు – ఆనాటి మన లెక్కలో మూడు రూపాయల చిల్లర. దానితోపాటు పెట్రోలు పోయించుకునేందుకు పనికివచ్చే కార్డు ఒకటి. ఆ హోటలు మేనేజరును చూసి తానెవరో చెప్పి, తర్వాత డబ్బు కట్టేస్తాను, గది ఇమ్మన్నది. అతను గది ఇచ్చాడు, ఎవరినీ లోపలికి రానివ్వకుండా తలుపు దగ్గర కాపలా కూడా పెట్టించాడు.

అభిమానుల జ్ఞాపకాల్లో ఆ మేనేజరుకు కూడా ఒక మూల చోటున్నది. బయటపడాలన్న నిశ్చయం ఆమెది. కానీ హైవే అవతల తలుపు తెరిచేవారు ఒకరుండాలి. ఆ తలుపు తెరుచుకోకపోతే ఎంతటి ధైర్యమైనా తెల్లారేసరికి వెనక్కి నడవవలసిందే.

కోర్టులో అడిగింది ఒక్కటే

విడాకుల దావా నడిచింది. 1978లో తీర్పు వచ్చింది. పదహారేళ్ళు కలిసి సంపాదించిన దానిలో ఆమెకు రావలసింది చాలానే ఉన్నది. పాటల మీద వచ్చే రాబడి, ఇల్లు, స్టూడియో. వాటినన్నిటినీ వదులుకున్నది. కారులు రెండు మిగిలాయి. గట్టిగా పట్టుబట్టి అడిగింది ఒక్కటే – రంగస్థలం మీద తన పేరు. ‘టీనా టర్నర్’ అన్న పేరు తనకే ఉండాలన్నది. కోర్టు ఒప్పుకున్నది.

ఆస్తి వదిలి పేరు పట్టుకోవడమేమిటి, అదీ తనను కొట్టినవాడు పెట్టిన పేరు, అని ముక్కున వేలేసుకున్నవారున్నారు. ఆమె లెక్క వేరు. పేరు పెట్టింది అతనే అయినా, పదహారేళ్ళు ఆ పేరును చెమటోడ్చి మోసింది తాను. రేపు బియ్యం గింజ సంపాదించుకోవాలన్నా ఆ పేరుతోనే. ఆమె అడిగింది భరణం కాదు, పని చేసుకునే హక్కు.

కష్టాలు అంతటితో తీరలేదు. ఒప్పుకున్న కచ్చేరీలు మధ్యలో విడిచిపెట్టి వచ్చినందుకు నష్టపరిహారపు అప్పులన్నీ ఆమె మెడకు చుట్టుకున్నాయి. కొంతకాలం ప్రభుత్వం పేదలకిచ్చే ఆహారపు కూపన్లతో ఇల్లు నడిపింది. స్నేహితుల ఇళ్ళల్లో తలదాచుకుని, ఊరికే తినడం ఇష్టంలేక ఆ ఇళ్ళు ఊడ్చి తుడిచి పెట్టింది. టెలివిజనులో వచ్చే ఆటల కార్యక్రమాల్లో కూర్చున్నది. హోటళ్ళ హాళ్ళలో పాడింది. గ్రామఫోను కంపెనీల దృష్టిలో ఆమె కథ ముగిసినట్టే. నలభై దాటిన ఆడమనిషి, నల్లమనిషి, రాక్ పాటలు పాడుతుందట! ఎవరు కొంటారు?

అయినా 1983లో లండనులో చేసిన ఒక రికార్డు అనుకోకుండా అమ్ముడుపోయింది. కంపెనీవారు తొందరపెట్టారు. కొద్ది వారాల్లో ఒక ఆల్బమ్ తయారైంది. అదే 1984లో వచ్చిన ‘ప్రైవేట్ డాన్సర్’. కోటికి పైగా ప్రతులు అమ్ముడుపోయాయి. దానిలో ఒక పాట ఆమెకు మొదట బొత్తిగా నచ్చలేదట. ప్రేమకూ దీనికీ ఏమిటి సంబంధమని ప్రశ్నించే ఆ పాటే ఆ సంవత్సరం అమెరికాలో మొదటి స్థానానికెక్కింది. అప్పుడామెకు 44 ఏళ్ళు. మరుసటి ఏడు మూడు గ్రామీ బహుమతులు వచ్చాయి.

1988 జనవరి 16న బ్రెజిల్ దేశంలో రియో నగరపు మరకానా స్టేడియంలో ఆమె పాట వినడానికి టిక్కెట్టు కొని వచ్చినవారు 1,80,000 మంది అని లెక్క తేల్చారు. ఒక్క గాయని కోసం అంతమంది రావడం ప్రపంచ రికార్డుగా పుస్తకాలకెక్కింది. హైవే దాటిన రాత్రికీ ఈ సాయంత్రానికీ మధ్య పన్నెండేళ్ళు కూడా పూర్తికాలేదు.

చెప్పి వదిలించుకుందామనుకున్న కథ

కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుందని మనవాళ్ళ సామెత. ఇంటి గుట్టు బయటపెడితే పోయేది మన పరువేనని భావం. 1981లో టీనా ఒక అమెరికన్ పత్రికకు ఇచ్చిన ఇంటర్వ్యూలో ఆ గుట్టు విప్పింది. తాను విడిపోయింది ఎందుకో ఒక్కసారి చెప్పేస్తే ఇక ఎవరూ అడగరని ఆమె ఆశ. ఫలితం తలక్రిందులైంది. అడగనివాడే లేకపోయాడు. 1986లో ఆత్మకథ రాసింది, అప్పుడూ ఆగలేదు. 1993లో ఆ పుస్తకాన్ని ఆంజెలా బాసెట్ కథానాయికగా సినిమా తీశారు. సినిమా బాగున్నది, నటికి ఆస్కార్ పోటీలో చోటు దొరికింది. టీనా కొత్తగా ఏ ఊళ్ళో దిగినా విలేఖరి మొదటి ప్రశ్న మాత్రం ఆ పాత దెబ్బల గురించే.

ఇక్కడే అభిమానులు ఆలోచించవలసిన చిక్కొకటి ఉన్నది. ఆమె కథ చదివి, ఆమె సినిమా చూసి, ఎన్నో దేశాల్లో ఆడవాళ్ళు తమ జీవితాన్ని అందులో చూసుకున్నారు. తాము కూడా బయటపడగలమని ధైర్యం తెచ్చుకున్నవారున్నారు. ఆమె పోయిన రోజున పత్రికలకు వెల్లువలా వచ్చిన జ్ఞాపకాల్లో ఈ మాటే ఎక్కువ. ఆ కథ లేకపోతే వారికి ఆ ధైర్యం లేదు. అయితే ఆ కథను ప్రతిసారీ తిరగదోడినప్పుడు దానిలో మళ్ళీ నిలబడవలసినది మాత్రం ఆమె. లోకానికి అది పాఠం, ఆమెకు పీడకల. 2021లో విడుదలైన ‘టీనా’ అనే డాక్యుమెంటరీ చిత్రంలో ఆమె ఈ సంగతి స్పష్టంగానే చెప్పింది. చివరిసారిగా అంతా చెప్పి, అభిమానులకు నమస్కారం పెట్టి సెలవు తీసుకున్నది.

ఆమె కోరుకున్న జ్ఞాపకం ఏదో ఆ చిత్రం చూసినవారికి అర్థమవుతుంది. దెబ్బలు తిన్న టీనాను కాదు, పాడిన టీనాను గుర్తుంచుకోమన్నది. మన దేశంలో ఇంట్లో జరిగే హింసనుంచి స్త్రీలను రక్షించేందుకు 2005లో ప్రత్యేకంగా చట్టం వచ్చింది. చట్టం కాగితం మీద ఉన్నా, గడప దాటాలంటే ముందుగా దాటినవారొకరు కళ్ళముందు కనిపించాలి. కనిపించవలసినది ఆమె గాయం కాదు, గాయం మానిన తర్వాతి ముఖం. అభిమానులకు టీనా ఇచ్చినది ఆ ముఖం. యాభై, అరవై ఏళ్ళ వయస్సులో ఎత్తు మడమల చెప్పులతో స్టేజీ ఆ చివరనుంచి ఈ చివరకు నవ్వుతూ పరుగెత్తే మనిషి.

సరస్సు ఒడ్డున

1990ల నడుమ ఆమె స్విట్జర్లాండుకు మకాం మార్చింది. తోడుగా ఉన్నవాడు ఎర్విన్ బాక్ అనే జర్మన్. వయస్సులో ఆమెకన్న పదహారేళ్ళు చిన్న. చాలా ఏళ్ళు కలిసి బ్రతికి, 2013లో పెళ్ళి చేసుకున్నారు. ఆ ఏడే ఆమె స్విస్ పౌరురాలైంది. పెళ్ళయిన కొద్ది వారాలకే పక్షవాతం తగిలింది. తర్వాత పేగులో క్యాన్సరు. ఆ వెనుక మూత్రపిండాలు పనిచేయడం మానేశాయి. 2017 ఏప్రిల్‌లో భర్త తన మూత్రపిండం ఒకటి ఇచ్చి ఆమెను నిలబెట్టుకున్నాడు. ఒక భర్త చేతిలో దెబ్బలు తిన్న దేహంలో మరో భర్త ఇచ్చిన అవయవం ఆరేళ్ళపాటు పనిచేసింది. కథల్లో రాస్తే అతిశయోక్తి అంటారు.

2023 మార్చిలో, అంటే చనిపోవడానికి రెండున్నర నెలల ముందు, అభిమానులకు ఆమె ఒక హెచ్చరిక చేసింది. తనకు రక్తపోటున్నదని ఎన్నో ఏళ్ళ క్రితమే డాక్టర్లు చెప్పారనీ, రోజూ మందు మింగాలన్న నిజాన్ని ఒప్పుకోక వేరే వైద్యాలు పట్టుకుని తిరిగాననీ, దానివల్లనే మూత్రపిండాలు చెడిపోయాయనీ చెప్పింది. మన ఇళ్ళల్లో ‘ఒంట్లో బాగానే ఉందిగా, మాత్రలెందుకు?’ అని పెద్దవాళ్ళు రక్తపోటు మందు మానేస్తుంటారు కదూ? వారికి చదివి వినిపించవలసిన మాటలివి.

మనకు దగ్గరగా తోచే మరో సంగతి. 1970లనుంచీ ఆమె బౌద్ధమార్గంలో నడిచింది. ఆ కష్టకాలంలో తనను నిలబెట్టినది ప్రతినిత్యం చేసిన మంత్రజపమేనని ఎప్పుడూ చెప్పేది. స్టేజీ దిగిన తర్వాత స్విట్జర్లాండులోని మరి కొందరు గాయనీమణులతో కలిసి వేర్వేరు మతాల ప్రార్థనలు రికార్డు చేసింది. పిల్లలతో కలిసి 2011లో చేసిన రికార్డులో, మన పూజల చివర పురోహితులు అందరి శుభం కోరి చదివే సంస్కృత శాంతిమంత్రం ఉన్నది. స్టేడియాలు దద్దరిల్లించిన గొంతు అక్కడ వినబడదు. మన ఇంట్లో బామ్మ సంధ్యదీపం ముందు కూర్చుని చదివినట్టే మెల్లగా, నిదానంగా వినబడుతుంది. రాక్ అనగానే చెవులు మూసుకునేవారు ముందు దానిని వినడం మంచిది.

ఎవరి తీరున వారు

అంత్యక్రియలు ఆప్తుల నడుమ నిరాడంబరంగా జరిగాయి. లక్షలమంది అభిమానులకు కడసారి చూపు లేదు. అందుచేత ఎక్కడివారు అక్కడే తమకు తోచిన తీరున ఆమెను తలుచుకున్నారు.

లండనులో రాజుగారి బకింగ్‌హామ్ ప్యాలెస్ ముందు కాపలా భటులు మారే వేళ సైనిక బ్యాండు వాయించడం ఆనవాయితీ. ఆమె పోయిన రెండు రోజులకు ఆ బ్యాండువారు ఎర్రకోట్లు, ఎలుగుబంటి బొచ్చు టోపీలతో నిలబడి, ‘ది బెస్ట్’ అనే ఆమె పాట వాయించారు. చూడవచ్చిన జనానికి ఆశ్చర్యం, ఆ వెంటనే కళ్ళు చెమర్చడం.

టెనెసీలో పుట్టినచోటి బ్రౌన్స్‌విల్‌వారు పూలు పట్టుకుని ఒక చిన్న చెక్కబడి దగ్గరకు నడిచారు. దాని పేరు ఫ్లాగ్ గ్రోవ్ బడి. ఒకే ఒక గది. నల్లజాతి పిల్లలకు చదువు దుర్లభమైన కాలంలో, 1889లో, టీనా పూర్వీకుల్లో ఒకాయన ఇచ్చిన స్థలంలో దానిని కట్టారు. టీనా అక్కడే అక్షరాలు దిద్దింది. మూతబడి, కొట్టంగా పడి ఉన్న ఆ బడిని నట్‌బుష్‌నుంచి తరలించి తెచ్చి, బాగుచేసి, 2014లో టీనా టర్నర్ మ్యూజియంగా తెరిచారు. ఒకవైపు పాత బల్లలు, నల్లబల్ల. మరోవైపు ఆమె తళుకుల దుస్తులు, బంగారు రికార్డులు. ఏటా సెప్టెంబరులో ఆమె పేర అక్కడ ఉత్సవం జరుగుతుంది. 2025 సెప్టెంబరులో, ఆమె చదివిన హైస్కూలుకు దగ్గరలో, చేతిలో మైకు పట్టుకున్న ఆమె కంచు విగ్రహం నిలబెట్టారు. ఎత్తు పది అడుగులు.

అన్నింటికన్న విచిత్రంగా తలుచుకున్నవారు ఆస్ట్రేలియా ప్రజలు. 1973లో టీనా తన పల్లెమీద స్వయంగా రాసుకుని పాడిన పాట ‘నట్‌బుష్ సిటీ లిమిట్స్’. ఎలా అలవాటైందోగాని ఆస్ట్రేలియా బడుల్లో పిల్లలకు ఆ పాటకు వరుసల్లో నిలబడి చేసే నృత్యం నేర్పుతారు. మన కోలాటంలాగ అందరూ ఒకే అడుగు వేస్తారు. కాళ్ళు విసిరి, గిరుక్కున పక్కకు తిరిగి, మళ్ళీ మొదలుపెడతారు. పెళ్ళిళ్ళలో తాతల దగ్గరనుంచి మనుమలవరకు లేచి ఆడతారు. 2023 జులైలో క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలోని బర్డ్స్‌విల్ దగ్గర ఎర్రటి ఇసుకదిబ్బల ఎడారిలో జరిగిన సంగీతోత్సవంలో 5,838 మంది ఒక్కసారిగా ఆ నృత్యం చేశారు. అంతకుముందు రికార్డులన్నీ దాటిపోయాయి. ఆ డబ్బు దూరప్రాంతాల రోగులకు విమానాల్లో వైద్యం అందించే సంస్థకు వెళ్ళింది.

ఆమె పోయి అప్పటికి ఆరు వారాలు. దుమ్ము రేగుతుంటే అన్ని వేలమంది ఒక పత్తిచేల పల్లెపేరు పాడుతూ ఆడారు. ఆ పల్లె ఎక్కడున్నదో వాళ్ళలో చాలామంది చూసి ఉండరు. పాడిన టీనాను గుర్తుంచుకోమన్న ఆమె మాటకు ఇంతకన్న తిన్నని జవాబేమున్నది?

పేరు చేరిన చోట్లు

కోర్టులో ఆమె పట్టుబట్టి నిలుపుకున్న ఆ పేరు సంగతి చెప్పి ముగిస్తాం. బ్రౌన్స్‌విల్‌నుంచి నట్‌బుష్‌కు పోయే రోడ్డు ఇప్పుడు ‘టీనా టర్నర్ హైవే’. దానికి రెండు ప్రక్కలా ఈనాటికీ పత్తి పండుతూనే ఉన్నది. క్యూస్నాక్ట్‌లో సరస్సులో మునిగిపోతున్నవారిని కాపాడేందుకు ఊరివారికి ఆమె ఒక పడవ సమకూర్చిపెట్టింది. ఆ పడవ పేరు కూడా ‘టీనా’.

ఒకప్పుడు దుకాణం బోర్డులా ఒక మనిషి రిజిస్టరు చేయించుకున్న పేరు ఇది. ఇప్పుడు రోడ్డుమీద ఉన్నది, బడిమీద ఉన్నది, నీళ్ళలో చిక్కుకున్నవారి దగ్గరకు వెళ్ళే పడవమీద ఉన్నది. 36 సెంట్లు ఎప్పుడో ఖర్చయిపోయి ఉంటాయి. పేరు మాత్రం తరగలేదు.